ఎడారి పూల స్టాంపులు: దేశం వారీగా పెట్టాలా, మొక్క వారీగానా?

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక అమ్మ):
మా పాప ఎనిమిదో తరగతి. తపాలా శాఖ ఇచ్చే స్పర్శ్ స్కాలర్‌షిప్ కోసం స్టాంపుల ప్రాజెక్టు చేస్తోంది. ఎడారిలో పూసే మొక్కలు అనే అంశం తనే ఎంచుకుంది. అమెరికా వాళ్ళ 1981 నాటి 20 సెంట్ల స్టాంపులు నాలుగూ కలిసి ఉన్న బ్లాక్ ఉంది. 2019లో వేసిన కాక్టస్ పూల స్టాంపులు మా తమ్ముడు కవర్ల మీద నుంచి కత్తిరించి పంపాడు. అవి నీళ్ళలో నానబెట్టినా ఊడటం లేదు. ఒక ఆఫ్రికా దేశం స్టాంపు మీద కూడా ముళ్ళ మొక్కే ఉంది, దాన్ని కాక్టస్ పేజీలో పెట్టొచ్చా? తేదీ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
దేశం వారీగా పెట్టేయండి మేడమ్. చూసేవాళ్ళకు సులువు.

జవాబు 2 (చిత్తూరు, బాటనీ లెక్చరర్‌గా రిటైరయ్యాను):
అమ్మా, దేశం వారీగా వద్దు. పాప ఎంచుకున్నది పూలను కదా, పేజీలు కూడా పూలను బట్టే నడవాలి.

ముందు ఆ 1981 బ్లాక్‌ను భూతద్దం కింద పెట్టి చూపించండి. దాన్ని మాత్రం విడదీయకండి. ఆరిజోనాలోని టూసాన్‌లో విడుదలైంది. నాలుగింట్లో కాక్టస్‌లు మూడే. నాలుగోది అగేవ్, అంటే మన పొలం గట్ల మీద ఉండే కిత్తనార జాతి. ఏళ్ళ తరబడి ఆకులు పెంచుకుని, ఒక్కసారి నిలువెత్తు కాడ వేసి పూసి, ఆ తర్వాత చచ్చిపోతుంది. అదే బ్లాక్‌లోని సగువారో అనే కాక్టస్ తెల్లపూలు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. రాత్రి గబ్బిలాలు, పగలు తేనెటీగలు, పక్షులు వస్తాయి. ఒక్కసారే పూసేది ఒక పేజీ, రాత్రి పూసేది ఒక పేజీ. నాకైతే ఇంతకంటే మంచి వరుస తోచడం లేదు.

ఆఫ్రికా స్టాంపు సంగతి. కాక్టస్‌కు ముళ్ళు చిన్న నూగు మచ్చలోంచి గుత్తిగా వస్తాయి, పువ్వు కూడా మామూలుగా అక్కడి నుంచే. ఆఫ్రికా ముళ్ళ మొక్కల్లో చాలావాటికి ఆ మచ్చ ఉండదు, గిల్లితే పాలు కారతాయి. అవి మన బొమ్మజెముడుకు చుట్టాలు. మీ స్టాంపు మీద ముళ్ళు జంటలు జంటలుగా ఉంటే దాదాపుగా అదే, వేరే పేజీలో పెట్టండి. కంచెల్లో కనిపించే నాగజెముడు మాత్రం నిజంగా కాక్టసే, అమెరికా ఖండం నుంచి వచ్చింది.

మన దేశం స్టాంపు లేకుండా పంపకండి. 1988లో ఖేజ్రీ చెట్టు మీద వేశారు. థార్ ఎడారి చెట్టు. దసరాకు మనం పూజ చేసే జమ్మి అదే.

జవాబు 3:
2019వి గమ్ముతో కాదు, స్టిక్కర్ లాంటి జిగురుతో వస్తాయి. నీళ్ళకు ఊడవు. ఇంకా నానబెడితే పాడైపోతాయి. ఆరబెట్టి, చుట్టూ కొంచెం కాగితం వదిలి నీటుగా కత్తిరించండి. చాలామంది అలాగే దాచుకుంటారు.

ప్రశ్న అడిగిన అమ్మ:
చూశాం సార్, ముళ్ళు జంటలుగానే ఉన్నాయి! పాప అప్పుడే పేజీలు మార్చేస్తోంది. ఖేజ్రీ స్టాంపు ఎవరి దగ్గరైనా రెండోది ఉంటే చెప్పండి, మార్పిడికి మా దగ్గర విడి కాక్టస్ స్టాంపులున్నాయి.