ఫిషింగ్ టెస్టులో నొక్కినవాళ్ల పేర్లు బయటపెడితే లాభమా, నష్టమా?

రాయదుర్గం నైట్‌షిఫ్ట్: మా దగ్గర మోసపు మెయిల్‌కు (ఫిషింగ్) ఎవరు పడతారో చూడ్డానికి కంపెనీయే ఒక దొంగ మెయిల్ పంపింది. అందులో లింకు నొక్కినవాళ్ల పేర్లు ఫ్లోర్ మొత్తానికి పంపారు. ఒక ఫ్రెషర్ అమ్మాయి వాష్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చింది. అప్పట్నుంచి అనుమానం మెయిల్ వస్తే రిపోర్ట్ చేసేవాళ్లే లేరు, గప్‌చుప్‌గా డిలీట్ చేస్తున్నారు. మీ ఆఫీసుల్లో ఎలా ఉంది? ట్రైనింగ్, పాస్‌వర్డ్ రూల్స్ గురించి కూడా చెప్పండి.

బ్యాంకు అక్క: ఆ గప్‌చుప్ అంటేనే నాకు వణుకు. 2022 జనవరిలో మన మహేశ్ బ్యాంకులో 12 కోట్లకు పైగా పోయాయి. ఉద్యోగులకు వచ్చిన మెయిళ్లతోనే లోపలికి దూరారని సిటీ పోలీసులే చెప్పారు. మెయిళ్లు వచ్చింది అంతకుముందు నవంబర్‌లో. ఎవరైనా చెప్పడానికి మధ్యలో అంత టైముంది!

ఆడిట్ శాస్త్రి: బ్యాంకులు, ఫార్మా, ఐటీ అన్నీ ఆడిట్ చేసినవాణ్ణి, చెప్తున్నా వినండి. పేర్లు బయటపడితేనే జనానికి ఒళ్లు దగ్గరుంటుంది. 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్పించండి, సగం తలనొప్పి పోతుంది.

మాదాపూర్ డెవ్: ఇంకా 90 రోజులేనా? అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే ఊరికే మార్పించొద్దంది, లీకైతేనే మార్చమంది. గడువు పెడితే జనం చివరి 1 తీసి 2 పెడతారు.

ఆడిట్ శాస్త్రి: కార్డు పేమెంట్ల సెక్యూరిటీ రూల్స్ పీసీఐ డీఎస్‌ఎస్‌లో 90 అనే ఉంది, చూసుకో బాబూ.

మాదాపూర్ డెవ్: బాబూ గీబూ వద్దండి. 4.0 వెర్షన్ పూర్తిగా చదవండి. పాస్‌వర్డ్ ఒక్కటే దిక్కయిన చోట ఆ 90. ఓటీపీ లాంటి రెండో తాళం ఉంటే ఆ గడువు అక్కర్లేదు.

ఆడిట్ శాస్త్రి: క్లయింట్ చెక్‌లిస్టులో ఉంటే నువ్వు కాదంటావా?

మాదాపూర్ డెవ్: అంటాను. మేం అడిగాం, వాళ్లు ఒప్పుకున్నారు. మీరు అడిగి చూశారా ఎప్పుడైనా?

గేటుకాడి తమ్ముడు: పాస్‌వర్డు, పాస్‌వర్డు అని కొట్లాడుతున్నరు. మా బావ ఐటీ బిల్డింగుల గార్డు. బ్యాడ్జి సూపియ్యమన్నందుకు ఒక పెద్ద సారు గరమైండు, తెల్లారి బావను పార్కింగుకు ఏసిన్రు. ఇగ ఎవరెనక ఎవరు లోపల్కి పోయినా అడిగేటోడెవడు?

కూకట్‌పల్లి రవళి: తమ్ముడూ, మీ బావకు పీఎఫ్ అయినా కడుతున్నారా? మా బిల్డింగ్ గార్డులకు ఏజెన్సీ రెండు నెలలుగా కట్టలేదు. జీతమే సరిగ్గా రానివాళ్లు సారును నిలదీస్తారా?

గేటుకాడి తమ్ముడు: గదే కద అక్కా.

సాక్ లీడ్: సైబర్ దాడి కనిపిస్తే 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 నుంచి రూలుంది. కిందివాడు భయపడి నోరు మూసుకుంటే మనకు కనిపించేదే ఆలస్యంగా. మా దగ్గర నొక్కిన వెంటనే చెప్పినవాళ్ల పేరు వాళ్ల మేనేజర్‌కు కూడా పోదు. ఆ మాట మా డైరెక్టరే అందరి ముందు చెప్పారు. ఇప్పుడు నొక్కిన క్షణంలోనే మా సెక్యూరిటీ టీమ్‌కు (సాక్) ఫోన్ చేస్తున్నారు.

ఆడిట్ శాస్త్రి: మాట కాదు, రాతపూర్వకంగా ఉందా?

సాక్ లీడ్: పాలసీలో ఉందండి. నైట్‌షిఫ్ట్ గారూ, కంపెనీ పేరు తీసేసి ఆ పేరా మీకు మెసేజ్ చేస్తా. మీ హెచ్‌ఆర్‌కు చూపించండి.