కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి క్యాలెండర్ ఇవ్వడం మర్యాదా, ప్రచారమా?

కావలి_కిరాణా:
మా తాత పెట్టిన కిరాణా కొట్టు మాది. తాత రోజుల్లో సరుకు కట్టాక పిలకాయల చేతిలో బెల్లంముక్క పెట్టేవాడు. నాయన వచ్చాక అది జనవరి క్యాలెండర్ అయింది. ఇప్పుడు తమ్ముడు, "ఆ డబ్బుతో యాప్ పెట్టి, ఫోన్ నంబరుకి పాయింట్లు వేద్దాం" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఇన్నేళ్ళుగా మా దగ్గరే కొనేవాళ్ళకి కృతజ్ఞత చూపాలంటే ఏది బాగుంటుంది?

ఒంగోలు_కుర్రోడు:
అన్నా, క్యాలెండర్ మీద దేవుడి బొమ్మ కంటే కొట్టు పేరే పెద్దగా ఉంటుంది. మా గోడ మీద 12 నెలలు మీ బోర్డు వేలాడితే అద్దె మేం అడగాలి. ముందు చిల్లర బదులు చాక్లెట్ పెట్టడం మానండి. (ఫోన్‌పే వచ్చాక ఆ బాధ కొంచెం తగ్గిందిలే.)

వంటింటి_గోడ:
అద్దె అడిగే బాబుకి తిథులతో పని లేదు కాబోలు. పాలు రాని రోజు, గ్యాస్ బండ మార్చిన తేదీ అన్నీ నేను దాని మీదే రాస్తా. వర్జ్యం చూడాలన్నా అదే. పేరుంటే ఉండనీండి. నాకు కోపం వేరే. పోయిన డిసెంబరులో మా వీధి కొట్టాయన పక్కింటావిడకి క్యాలెండర్ ఇచ్చి, నేనడిగితే "పెద్ద సరుకు తీసుకునే వాళ్ళకేనమ్మా" అన్నాడు. పదేళ్ళుగా అక్కడే కొంటున్నా. క్యాలెండర్ ఎంత, దాని ఖరీదెంత? అయినా ఆ రోజు నుంచి ఆ కొట్టు మెట్టెక్కలేదు. ఇస్తే అందరికీ ఇవ్వండి, లేదంటే ఎవరికీ వద్దు.

కోవూరు_కయ్యలు:
మా దగ్గర కొసరు ఇచ్చేది మేమే సామీ. పుట్టి అంటే 850 కిలోలని నెల్లూరు జిల్లాలో ఏ రైతునడిగినా చెప్తాడు. వడ్లు కాటా వేసేటప్పుడు తేమ ఉంది, తాలు ఉంది అని కొనే వ్యాపారి ఇంకొన్ని కిలోలు లాగుతాడు. అదే మనిషి సంక్రాంతికి స్వీటు బాక్సు పంపాడు. బాక్సు వద్దు, కాటా సరిగా పెట్టమన్నా. నవ్వి ఊరుకున్నాడు.

ఒంగోలు_కుర్రోడు:
పెద్దాయనా, అక్కడ మీరు అమ్మేవాళ్ళు కదా. చర్చ కొనేవాళ్ళ గురించి.

కోవూరు_కయ్యలు:
ఎరువుల కొట్టులో నేను కొనేవాణ్ణే అబ్బయ్యా. యూరియా కావాలంటే అక్కర్లేని డబ్బా ఒకటి అంటగట్టాడు. మీద టోపీ ఉచితం! ఆ టోపీ మా దిష్టిబొమ్మకి పెట్టాం.

మందుల_షాపు_నెల్లూరు:
ఫోన్ నంబరు అనగానే అందరూ మోసం అనుకోవద్దు. నంబరు ఉండబట్టే, బీపీ మాత్రలు అయిపోయే ముందు పెద్దవాళ్ళకి మేం ఫోన్ చేసి గుర్తు చేస్తున్నాం. పిల్లలు ఎక్కడో ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఎంత సంతోషపడతారో! యాప్ కాదు, వాడే పద్ధతి చూడండి.

వంటింటి_గోడ:
మీరు అడిగి తీసుకుంటారేమో. చాలా చోట్ల నంబరు చెప్పకపోతే బిల్లే కొట్టరు. అలా బలవంతం చేయొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా దుకాణాలకు చెప్పింది. ఒకసారి ఇచ్చానా, ఇక రోజూ ఆఫర్ల మెసేజీలే. అది కృతజ్ఞతా? వెంటపడటం!

ఒంగోలు_కుర్రోడు:
అక్కా, ఈ ఒక్కదాంట్లో మీతోనే ఉన్నా. క్యాలెండర్ సంగతిలో మాత్రం తగ్గను.

కావలి_కిరాణా:
అన్నీ తమ్ముడికి చదివి వినిపించా. యాప్ ఊసు ప్రస్తుతానికి ఆపాడు. క్యాలెండర్ సంగతి తేల్చుకుందామని నాయన దగ్గరికి పోతే, శివకాశికి ఎప్పుడో ఆర్డరు ఇచ్చేశాడంట, మమ్మల్ని అడక్కుండానే! సరే, ఈసారికి అడిగిన ప్రతి ఇంటికీ ఇస్తాం. బెల్లం కూడా మళ్ళీ మొదలుపెట్టా. నిన్న ఒక పిలకాయ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "చాక్లెట్ లేదా మామా?" అన్నాడు.