కాల్గరీ హాకీ అరీనా: పన్నుల సొమ్ము పెట్టడం సబబేనా?

ముగ్గుపిండి (కాల్గరీ, కెనడా):
నిన్న పొద్దున్న ఐదున్నరకే మా వాణ్ణి ఐస్ హాకీ ప్రాక్టీసుకి తీసుకెళ్లాను. ఆ చలిలో వాడి స్కేట్ల లేసులు బిగించి కట్టేసరికి నా వేళ్లు కొంకర్లు పోయాయి. పక్కన కూర్చున్న ఇంకో పిల్లాడి నాన్న ఫోన్‌లో కొత్త అరీనా (హాకీ స్టేడియం) ఫొటో చూపించి "మన డబ్బులే" అన్నాడు, నవ్వుతూనే. అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది.

తెలియనివాళ్ల కోసం: మా ఊరి హాకీ జట్టు ఫ్లేమ్స్ ఇప్పుడు ఆడే శాడిల్‌డోమ్ 1983లో తెరిచారు. దాని పక్కనే స్కోషియా ప్లేస్ అని కొత్తది కడుతున్నారు. 2024 జులైలో శంకుస్థాపన అయింది, 2027లో తెరవాలని ప్లాను. 2023 ఒప్పందం ప్రకారం మొత్తం ప్రాజెక్టు 122 కోట్ల డాలర్లు. నగరానిది 53.7 కోట్లు, మా ఆల్బర్టా రాష్ట్ర ప్రభుత్వానిది 33 కోట్లు, జట్టు యజమానులది 35.6 కోట్లు. భవనం నగరానిదే, కానీ నడిపేదీ రాబడి తీసుకునేదీ జట్టు కంపెనీ. ఇది న్యాయమేనా? నేను ఎటూ తేల్చుకోలేదు, అందుకే అడుగుతున్నా.

బ్లూలైన్ (కాల్గరీ):
న్యాయమే. శాడిల్‌డోమ్‌లో విరామం టైమ్‌లో ఎప్పుడైనా బయటికొచ్చారా? ఆ నడవాల్లో బాత్రూమ్ క్యూ ఏదో, తిండి క్యూ ఏదో తెలియదు. గుర్రం జీను ఆకారంలో ఉన్న ఆ కప్పు చూడ్డానికి బాగుంటుంది, కానీ ఇప్పటి పెద్ద సంగీత కార్యక్రమాల లైట్లూ స్పీకర్లూ వేలాడదీస్తే ఆ బరువు మోయలేదు. దాంతో చాలామంది గాయకులు మన ఊరిని వదిలేసి ఎడ్మంటన్ పోతున్నారు. 2013 జూన్ వరదలో నీళ్లు లోపలి సీట్ల వరుసలు ముంచేశాయి. ఇంకెన్నాళ్లు అతుకులేస్తాం?

లెక్కలమాస్టారు (టొరంటో):
పాతబడిందని ఎవరూ కాదనరు. కొత్తది ఎవరి డబ్బుతో అన్నదే ప్రశ్న. మాంట్రియల్లో 1996లో, మా టొరంటోలో 1999లో హాకీ అరీనాలు జట్ల యజమానులే కట్టుకున్నారు, అవి ఇవాళ్టికీ నడుస్తున్నాయి.

బ్లూలైన్:
మాస్టారూ, టొరంటో మార్కెట్టూ కాల్గరీ మార్కెట్టూ ఒకటేనా?

లెక్కలమాస్టారు:
కాదు. సరే, మార్కెట్ పక్కన పెట్టి ఆ 35.6 కోట్ల సంగతి చూద్దాం. జట్టువాళ్లు మొదట్లో ఇచ్చేది 4 కోట్లే. మిగతాది ఏటా 1.7 కోట్ల చొప్పున 35 ఏళ్లు, ఏడాదికి 1 శాతం పెంచుకుంటూ. ఊరికే కూడితే మొత్తం 74.8 కోట్లు వస్తుంది. జట్టు పెద్ద వాటా ఇస్తోందని చెప్పుకునేవాళ్లు ఈ అంకెనే చూపిస్తారు. ఏడాదికి 5 శాతం చొప్పున ఇవాళ్టి విలువకి దించితే సరిగ్గా 35.6 కోట్లకి వస్తుంది. నేను కూర్చుని లెక్కేశాను, సరిపోయింది.

చీటీలు పాడినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. లక్ష చీటీ మొదటి నెల ఎత్తుకుంటే చేతికొచ్చేది లక్ష కాదు, ఎంతో కొంత తగ్గే వస్తుంది. ఇక్కడ చీటీ మొదటి నెలే ఎత్తుకున్నది జట్టు. అరీనా 2027లో వాళ్ల చేతికొస్తుంది, డబ్బు 2060 దాటాక కూడా కడుతుంటారు. మధ్యలో వడ్డీ రిస్కు మోసేది నగరం. ఆ వడ్డీ 5 బదులు 6 శాతమైతే ఆ వాటా విలువ 31 కోట్ల చిల్లరకి పడిపోతుంది.

ముగ్గుపిండి:
మా ఆయన ఇది చదివి "అత్త సొమ్ము అల్లుడు దానం" అన్నారు. ఇక్కడ దానం పుచ్చుకునేది కూడా అల్లుడే కదా అన్నాను.

చలిచీమ (ఎడ్మంటన్):
మా ఊళ్లో ఇదంతా పదేళ్ల కిందటే అయిపోయింది, కాబట్టి నా అనుభవం చెప్తా. మా కొత్త అరీనా రోజర్స్ ప్లేస్ 2016 సెప్టెంబరులో తెరిచారు. అరీనాకి 48 కోట్లని గీత గీశారు. రైలు స్టేషన్‌కి దారి, చుట్టుపక్కల పనులు కలిపితే 60 కోట్లు దాటింది. 12.5 కోట్లు టికెట్ మీద వేసే రుసుము నుంచి, అంటే ఆట చూసేవాళ్ల దగ్గర్నుంచే. నగరం ఇచ్చిన దాంట్లో పెద్ద భాగం ఒక ప్రత్యేక పద్ధతిలో తెచ్చారు. డౌన్‌టౌన్‌లో కొంత ప్రాంతానికి గీత గీసి, అక్కడి ఆస్తి పన్నులో మామూలు ఖజానాకి పోయే వాటాని ఆనాటి స్థాయిలో ఆపుతారు. కొత్త టవర్లు లేచాక అదనంగా వచ్చే పన్ను 20 ఏళ్లపాటు ఆ అప్పుకీ, ఇతర డౌన్‌టౌన్ పనులకీ పోయేలా పెట్టారు.

వినడానికి బాగుంటుంది, ఎవరి జేబూ కొట్టనట్టు. టవర్లు లేచాయి కూడా. 66 అంతస్తుల స్టాంటెక్ టవర్ అరీనా పక్కనే ఉంది, టొరంటో తప్పిస్తే కెనడాలో అంత ఎత్తైనది లేదు. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఎక్కువగా పార్కింగ్ స్థలాలే. 2024 ఫైనల్స్‌కి మా పిల్లల్ని తీసుకెళ్లి బయట పెద్ద తెర ముందు నిలబడ్డాం, టికెట్ కొనే తాహతు లేక. ఆ జనాన్ని చూస్తే డౌన్‌టౌన్ బతికిందనే అనిపించింది.

కానీ పాత అరీనా 118వ అవెన్యూ దగ్గర ఉండేది. 2018 జనవరి 1న మూసేశారు. ఆటల రోజుల్లో నడిచిన ఆ వీధి హోటళ్ల సంగతి ఎవరూ అడగరు. అదే ఊరు, అదే ఖర్చు పెట్టే జనం, నడక దారి మారిందంతే.

లెక్కలమాస్టారు:
ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా మొత్తుకునేది ఇదే. హాకీకి పోయే కుటుంబం ఆ డబ్బు మరో చోట ఖర్చు పెట్టేదే, సినిమాకో హోటల్‌కో. ఊరికి కొత్తగా వచ్చే రాబడి చాలా తక్కువ.

బ్లూలైన్:
ఆర్థికవేత్తలు ప్లేఆఫ్స్ చూడరనుకుంటా. జట్టు వెళ్లిపోతే ఏం చేస్తారు? 2023 మేలో అరిజోనాలోని టెంపీ ఓటర్లు కొత్త అరీనా వద్దన్నారు. ఏడాది తిరిగేసరికి కొయోటీస్ జట్టు సాల్ట్ లేక్ సిటీ వెళ్లిపోయింది.

లెక్కలమాస్టారు:
వెళ్లింది. టెంపీ మునిగిపోయిందా? చెత్త పోసిన స్థలంలో అరీనా కడతామన్నారు, వాళ్లు వద్దన్నారు. వాళ్లకి ఓటు వేసే అవకాశమైనా దొరికింది. కాల్గరీలో అడిగారా? పైగా 2023 ఒప్పందం ఏప్రిల్ చివర్లో ప్రకటించారు, మే 29న రాష్ట్ర ఎన్నికలు. రాష్ట్రం డబ్బు అరీనా గోడలకి కాదు, రోడ్లకీ పాత భవనం కూల్చడానికీ అన్నారు. ఏ జేబులోంచి తీసినా చొక్కా ఒకటే.

చలిచీమ:
వెళ్లిపోతామనే బెదిరింపు మాకూ తెలుసు. 2012 సెప్టెంబరులో బేరం మధ్యలో మా జట్టు యజమాని డారిల్ కాట్జ్, హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీని వెంటబెట్టుకుని సియాటిల్ వెళ్లొచ్చాడు. ఊరంతా మండిపడింది. తర్వాత పేపర్లో ప్రకటన వేయించి క్షమాపణ చెప్పుకున్నాడు. అయినా 2013 మేలో ఒప్పందం కుదిరింది. క్షమాపణ పనిచేసిందో బెదిరింపు పనిచేసిందో మీరే చెప్పాలి.

గోదారోడు (హైదరాబాద్):
మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. హాకీ అంటే ఇక్కడ మాకు గడ్డి మీద ఆటే. ఒక సందేహం. 122 కోట్లంటే డాలర్లేనా?

ముగ్గుపిండి:
కెనడా డాలర్లే తమ్ముడూ. రూపాయల్లోకి మార్చి చూడకు, రాత్రి నిద్ర పట్టదు.

బ్లూలైన్:
మాస్టారూ, మీ లెక్క ఒప్పుకుంటా. ఆలస్యం వల్ల పెరిగిన ఖర్చు కూడా కలపండి మరి. 2019లో అరీనా మొత్తం 55 కోట్లే, నగరం సగం, జట్టు సగం. 2021 చివరికి ఖర్చు 63 కోట్లు దాటింది. రోడ్లు, కాలిబాటలు, సోలార్ పలకలు ఎవరు భరించాలన్న తగువుతో మొత్తం కూలిపోయింది. ఆ తగువు విలువ కోటిన్నర డాలర్ల పైచిలుకు! అక్కడ పంతం పట్టి ఇప్పుడు నగరం 27.5 కోట్లకి బదులు 53.7 కోట్లు కడుతోంది.

లెక్కలమాస్టారు:
ఇది మాత్రం గట్టి దెబ్బే. ఒప్పుకుంటున్నా. అయితే అప్పుడు లేచి వెళ్లింది జట్టే అని కూడా రాయండి.

చలిచీమ:
క్యూబెక్ సిటీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2015లో ప్రజల సొమ్ము 37 కోట్లతో సెంటర్ వీడియోట్రాన్ కట్టారు, ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద హాకీ లీగ్) జట్టు వస్తుందని. ఇవాళ్టికీ రాలేదు. తొట్టి కట్టారు, ఆవు లేదు. మరోవైపు విన్నిపెగ్‌లో మూతపడ్డ ఈటన్స్ దుకాణం స్థలంలో 2004లో డౌన్‌టౌన్ అరీనా కట్టారు, ఏడేళ్ల తర్వాత అట్లాంటా జట్టు అక్కడికి తరలివచ్చింది. ఒకే ఎత్తు, ఒకరికి పారింది, ఒకరికి పారలేదు.

ముగ్గుపిండి:
ఇంత చదివాక నాకు కోపం అరీనా మీద కాదు, ఆ 74.8 అంకె మీద వస్తోంది. మొదటి రోజే "జట్టు ఇచ్చేది 35.6, వాయిదాల్లో" అని చెప్పి ఉంటే నేను బహుశా సరేననేదాన్నే. అదే ప్రాజెక్టులో వెయ్యి సీట్ల చిన్న రింక్ కూడా ఉందట, జనం వాడుకోవడానికి. మా వాడికి అక్కడైనా పొద్దున్న ఏడింటి స్లాట్ దొరికితే ఆ 53.7 కోట్లలో నా వాటా మాఫీ చేస్తాను.

శాడిల్‌డోమ్ కూల్చేలోపు ఒక్క ఆటైనా చూడాలని వాడు గోల పెడుతున్నాడు. మాస్టారూ, ఇటువైపు వస్తే మీరూ రండి. పాప్‌కార్న్ నాది, వాయిదాల్లో కాదు, నగదే.

లెక్కలమాస్టారు:
వస్తాను. బాత్రూమ్ క్యూలో బ్లూలైన్ గారు చోటు పట్టి ఉంచాలి.