కొల్లూరులో ఫ్లాట్ కొందామనుకుంటున్నాం, అక్కడ అసలు ఊరు ఉందా? ఉంటున్నవాళ్లు చెప్పండి

ప్రశ్న (పల్నాడు_నాన్న)

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, పదకొండేళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నాం, ఇప్పుడు చందానగర్‌లో అద్దెకి. నా ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, పాపకి నాలుగేళ్లు, వచ్చే ఏడాది స్కూల్లో వేయాలి. కొల్లూరులో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎగ్జిట్ 2 దగ్గర రెండు మూడు ప్రాజెక్టులు చూశాం, ఒకటి నచ్చింది కూడా. రేట్ల గురించి, ఫ్లోర్ ప్లాన్ల గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి, నేనడిగేది అది కాదు.

అమ్మ పోయాక నాన్నని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆయన డెబ్బై ఏళ్లు పొలం చేసిన మనిషి, పొద్దున్నే లేచి నాలుగడుగులు నడిచి ఎవరో ఒకరితో మాట్లాడకపోతే ఆయనకి తోచదు. చందానగర్‌లో కనీసం కిందికి దిగితే టీ కొట్టు, కూరగాయల బండి, గుడి ఉన్నాయి. కొల్లూరులో సైట్ చూపించిన కుర్రాడు క్లబ్‌హౌస్ చూపించాడు, స్విమ్మింగ్ పూల్ బొమ్మ చూపించాడు, "ఊరెక్కడ బాబూ?" అని నాన్న అడిగితే అటువైపు ఉంటుంది అంకుల్ అని చెయ్యి ఊపాడు అంతే. కొల్లూరు అంటే ఎగ్జిట్ నంబరేనా, లేకపోతే మనుషులుండే ఊరేనా? నీళ్లు, స్కూళ్లు, రాత్రిపూట రోడ్డు వీటి గురించి కూడా చెప్పండి. ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు.

జవాబు 1 (కొల్లూరు_పిల్లగాడు)

అన్నా నేను కొల్లూరోన్నే, పుట్టింది పెరిగింది గిక్కడనే. మీ నాయన అడిగిన ముచ్చట సదివి మనసుకు పట్టింది, గందుకే టైం తీస్కొని రాస్తున్న.

ఊరు ఉన్నదన్నా. ఓఆర్ఆర్ దిగంగనే కనిపించేది ఊరు గాదు. ఊర్ల గుడి ఉన్నది, సర్కారు బడి ఉన్నది, గ్రామకంఠం పాత ఇండ్లు ఇంకా కొన్ని ఉన్నయ్, మా ఇంటి ముంగట యాపచెట్టు కింద పొద్దుమాపు ముసలోళ్లు కూసుంటరు. ఇప్పుడు ఆడ ఆరేడుగురే మిగిలిండ్రు గని కూసుంటరు. మీ నాయన వస్తే జాగ ఇస్తరు, అనుమానమే లేదు.

నా చిన్నప్పుడు ఇది మెదక్ జిల్లా, రామచంద్రాపురం మండలం. వానకాలం జొన్నలు, కందులు ఏసేటోళ్లు, బోరు ఉన్నోళ్లు వరి, కూరగాయలు. బీహెచ్ఈఎల్‌ల నౌకరి దొర్కినోనికి ఊర్ల మస్తు ఇజ్జత్ ఉండేది. మా అమ్మ కొత్తిమీర, పాలకూర మూటగట్టుకొని లింగంపల్లి మార్కెట్‌కు పోయేది. తర్వాత రింగురోడ్డు వచ్చింది, కొందరి పొలాలు దాంట్ల పోయినయ్, కొందరు తొందరపడి అమ్ముకున్నరు, మా నాయన గూడ అట్లనే అమ్మిండు. అమ్మిన పైసలతోని అక్కల పెండ్లిళ్లు అయినయ్, ఇల్లు కట్టినం. ఇప్పుడు ఆ పొలంల పెద్ద పెద్ద టవర్లు లేసినయ్, మా నాయన ఆ తొవ్వల పోయినప్పుడు బాయి ఎక్కడుండెనో చూపిస్తడు, ఆడ ఇప్పుడు సెక్యూరిటీ గేటు ఉన్నది.

2016ల సంగారెడ్డి జిల్లా అయింది. 2018ల తెల్లాపూర్, ఉస్మాన్‌నగర్, ఈదులనాగులపల్లి, వెలిమెల, మా ఊరు కలిపి తెల్లాపూర్ మున్సిపాలిటీ చేసిండ్రు, 2025 ఆఖర్ల దాన్ని గూడ కలుపుకొని చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీల కలిపిండ్రు. దీనితోని బయటోళ్లకు రేటు పెరిగింది అన్న సంబురం ఉంటది, ఊరోళ్లకు వేరే లెక్క. మున్సిపాలిటీ అయిన రోజే ఉపాధి హామీ పని బంద్, అది గ్రామ పంచాయతీలకే కదా. భూమి లేని ఇండ్లకు అది చాన పెద్ద దెబ్బ. మా మేనత్త జాబ్ కార్డు ఇంకా ట్రంకు పెట్టెల దాసుకున్నది. ఇంతకుముందు అయితే సర్పంచ్ ఇంటి ముంగటికి పోయి నల్లా వస్తలేదని లొల్లి పెడితే పని అయ్యేది, ఇప్పుడు యాప్‌ల కంప్లైంట్ పెట్టమంటరు, మా నాయనకు యాప్ ఎట్ల తెలుస్తది.

ఒక్కటి చెప్త అన్నా. బతుకమ్మకు తంగేడు, గునుగు కావాలె. ఇంతకుముందు ఊరు దాటితే బీళ్లల్ల గుట్టలపొంటి ఎంత కావాలంటే అంత ఉండేది, పిల్లలం సంచులు పట్టుకొని పోయి గంటల నింపుకొని వచ్చేది. పోయిన సంవత్సరం మా అమ్మను బండి మీద ఎక్కించుకొని వెలిమెల అవతల దాకా పోయిన, రెండు చారెల తంగేడు దొర్కింది. ఇంటికొచ్చి అదే ముందు పేర్చింది, మీదికెళ్లి కొనుక్కొచ్చిన బంతిపూలు పెట్టింది. అపార్ట్‌మెంట్ల ఉండే ఇద్దరు అక్కలు వచ్చి తంగేడు ఏదని అడిగి ఫొటో దీస్కున్నరు, తర్వాత మా అమ్మతోని ఆడిండ్రు గూడ. మంచిగనిపించింది నాకైతే.

ఆదివారం మీ నాయనను తీస్కొని రా అన్నా, సైట్‌కు గాదు, ఊర్లకు.

జవాబు 2 (పదో_అంతస్తు)

నేను మూడేళ్ల నుంచి కొల్లూరులో గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్నానండి, మాది రాజమండ్రి. మంచీ చెడూ రెండూ చెప్తాను.

ఆఫీసుకి నిజంగా హాయి. ఓఆర్ఆర్ ఎక్కితే మా ఆయన ఇరవై నిమిషాల్లో ఆఫీసులో ఉంటారు, టోల్ కడతారు అనుకోండి. సర్వీస్ రోడ్డు మాత్రం రాత్రి తొమ్మిది దాటాక నాకు భయమే, కొన్నిచోట్ల లైట్లు లేవు, రాళ్లూ కంకరా వేసుకెళ్లే టిప్పర్లు అదే రోడ్డు మీద. ఒక్కదాన్నే స్కూటీ మీద రావడం మానేశాను.

నీళ్ల గురించి అడిగారు కాబట్టి వివరంగా చెప్తున్నా, ఎందుకంటే నేను కొనేటప్పుడు ఇదే అడగలేదు. మార్చి దాకా బోర్లు పర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున్న అయిదింటికి ట్యాంకర్ రివర్స్ వేసే హారన్‌తో లేస్తాం, గేటు దగ్గర వరసగా నాలుగైదు ఉంటాయి, ఒకడు పైపు సంపులోకి దించి పడుకుంటాడు, ఇంకోడు వాచ్‌మేన్ దగ్గర పుస్తకంలో సంతకం పెడతాడు. ఆ ఖర్చంతా మెయింటెనెన్స్‌లోకే వస్తుంది. అందుకని సేల్స్ వాళ్లని మంజీర నీళ్ల కనెక్షన్ వస్తుందా అని అడక్కండి, అందరూ వస్తుందనే అంటారు. ఇప్పటికే ఉంటున్న కమ్యూనిటీ వాళ్లని పోయిన మే నెలలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో అడగండి. ఎస్టీపీ (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) రోజూ నడుస్తోందా, వర్షం నీళ్లు ఇంకే గుంతలు నిజంగా ఉన్నాయా, కాగితం మీదేనా, ఇవి దగ్గరుండి చూసుకోండి.

ఇంకోటి, బ్లాస్టింగ్. ఈ ప్రాంతమంతా రాతినేల, పక్క స్థలంలో సెల్లార్ తవ్వుతుంటే మధ్యాహ్నం పూట ఢమ్మని పేల్చేవాళ్లు, కిటికీ అద్దాలు అదిరేవి, మా బాబు చిన్నప్పుడు నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. మీ చుట్టూ ఖాళీ స్థలాలు ఎన్నున్నాయో లెక్కేసుకోండి, అవన్నీ కట్టేదాకా ఇది తప్పదు.

స్కూళ్లు తెల్లాపూర్, నల్లగండ్ల వైపు చాలానే వచ్చాయి, ఫీజులు మాత్రం గట్టిగానే ఉన్నాయి. పెద్ద ఆసుపత్రికి మేము నల్లగండ్ల వెళ్తాం. మీ నాన్నగారి విషయంలో పై తమ్ముడు చెప్పింది నిజం, ఊళ్లో మనుషులున్నారు, కాకపోతే మా గేటు నుంచి అక్కడికి ఫుట్‌పాత్ లేదు, టిప్పర్ల మధ్య పెద్దాయన నడవాలి. మా అత్తగారు వచ్చినప్పుడు రెండ్రోజులు ప్రయత్నించి ఊరుకున్నారు.

జవాబు 3 (మూడో_బ్లాక్_అక్క)

అన్నా మీరందరు కొల్లూర్ అంటే టవర్లు, ఊరు అంటున్నరు, మమ్మల్ని మరిచిపోయిండ్రు. మేము డబుల్ బెడ్రూం కాలనీల ఉంటం. 117 బ్లాకులు, 15,660 ఇండ్లు, 2023 జూన్‌ల ఓపెన్ జేసిండ్రు. ఇంతమంది ఒక్కసారి వస్తే ఊరు ఎంత మారుతదో మీరే ఆలోచన చేయుండ్రి.

మాకు లాటరీల వచ్చింది. అంతకుముందు సిటీల ఒక్క రూముల అయిదుగురం, బాత్‌రూం మూడు ఇండ్లకు ఒక్కటే. ఇక్కడికి వచ్చిన రోజు మా బిడ్డ రెండు రూములల్ల ఉరుకుడే ఉరుకుడు, తన తలుపు తనే మూసుకొని మళ్ల తీసుడు. 560 అడుగులే కావొచ్చు, మాది అన్న ధైర్యం వేరే ఉంటది.

కష్టం ఏందంటే పని. నేను అమీర్‌పేట్ దిక్కు నాలుగు ఇండ్లల్ల పని చేసేదాన్ని, ఇక్కడికి రాంగనే అన్ని పోయినయ్. ఆడోళ్లకు బస్ ఫ్రీ అయినంక రోజు పోయి వచ్చిన కొన్ని నెలలు, పోను రెండు గంటలు రాను రెండు గంటలు, బస్ నిండిపోతే ఇంకోదాని కోసం నిలబడుడు. ఇప్పుడు పక్కన గేటెడ్ కమ్యూనిటీల వంట చేస్తున్న. లిఫ్ట్ ఖరాబ్ అయితే ఎన్ని రోజులకు బాగు చేస్తరో చెప్పలేము, పోయిన ఎండకాలం మా ఆయన గ్యాస్ బండ భుజం మీద పెట్టుకొని ఎనిమిది అంతస్తులు ఎక్కిండు, ప్రతి అంతస్తుల దించి ఊపిరి తీస్కున్నడు. పొద్దున్న స్కూల్ టైంకు చూడుండ్రి, ఎంతమంది పిల్లలు రోడ్డు పొంటి నడుస్తరో, మీ కార్లు జర నెమ్మదిగ నడపమని అందరికి చెప్పుండ్రి.

మా దగ్గర పొద్దుగాల కూరగాయలు రోడ్డు మీద అమ్ముతరు, మిర్చి బజ్జీల బండ్లు ఉన్నయ్, రాత్రి పది దాక మనుషులే మనుషులు. మీ నాయనకు మాట్లాడెటోళ్లు కావాలంటే మా దిక్కు రమ్మనుండ్రి.

జవాబు 4 (లింక్_డాక్యుమెంట్)

కాగితాల సంగతి ఎవరూ రాయలేదు, రాస్తున్నాను. నేను దెబ్బతిన్నవాణ్ని.

2020లో ఇటువైపే ఒక బిల్డర్ ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) అని, యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) కింద రిజిస్టర్ చేస్తామని, మొత్తం ఒకేసారి కడితే సగం రేటుకే ఇస్తామని చెప్తే నమ్మాను. పీఎఫ్ తీసి, మా ఆవిడ గాజులు పెట్టి కట్టాను. ఇప్పటికీ అక్కడ రేకుల ప్రహరీ, పిచ్చిచెట్లు తప్ప ఏమీ లేదు. రెరా (ఇళ్ల ప్రాజెక్టుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నంబర్ రాకముందు డబ్బు వసూలు చేయడమే తప్పు అని అప్పుడు నాకు తెలీదు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, అగ్రిమెంట్ లేకుండా పది శాతం మించి తీసుకోకూడదు, కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. రెరా వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి మీరే చూసుకోండి, వాళ్లు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ నమ్మకండి.

రెండోది చెరువు. ఈ చుట్టుపక్కలవన్నీ గొలుసు చెరువుల ప్రాంతం, ఒక దాని అలుగు నీళ్లు ఇంకో దాంట్లోకి పోవాలి. పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా, చిన్నవాటికి 9 మీటర్లు. ఎండాకాలం చూస్తే మైదానంలా కనిపిస్తుంది, ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో వేలు పెట్టి చూపిస్తారు. 2024 సెప్టెంబర్‌లో పక్కనే అమీన్‌పూర్‌లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చేసిన కూల్చివేతలు చూశాం. ఆ అమీన్‌పూర్ పెద్ద చెరువే 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం అయింది, దాని చుట్టూ కూడా ఇదే గొడవ.

అసైన్డ్ భూమా (ప్రభుత్వం పేదలకిచ్చింది), శిఖం భూమా (చెరువు లోపలిది), రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందా, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) కనీసం ముప్పై ఏళ్లది, లింక్ డాక్యుమెంట్లు అన్నీ లాయర్‌తో చూపించండి. బ్యాంకు లోన్ ఇచ్చింది కదా అని ఊరుకోవద్దు. శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు జరిగి కొందామనుకుంటే జంట జలాశయాల చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి జీవో 111 సంగతి, అందులోని 84 ఊళ్ల జాబితా విడిగా చూసుకోవాలి. నెలాఖరు అని తొందరపెడుతుంటే అసలు అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగండి.

పల్నాడు_నాన్న (అడిగినాయన)

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆదివారం నాన్నని తీసుకుని ఊళ్లోకి వెళ్లాం, తమ్ముడు ఎదురొచ్చాడు. నాన్న వేపచెట్టు కింద రెండు గంటలు కూర్చున్నారు. అక్కడి పెద్దాయనది తెలంగాణ మాట, మా నాన్నది పల్నాడు మాట, మొదట ఒకరి మాట ఒకరు మళ్లీ మళ్లీ అడిగించుకున్నారు, తర్వాత కంది చేనుకి పురుగు పట్టినప్పుడు ఏం చేసేవాళ్లో మొదలుపెట్టాక ఇక ఆగలేదు. వచ్చేటప్పుడు తమ్ముడి వాళ్లమ్మగారు చిన్న సంచిలో గోంగూర పెట్టిచ్చారు, పెరట్లోదంట. ఆ తర్వాత డబుల్ బెడ్రూం కాలనీ దగ్గర బజ్జీలు తిన్నాం, అక్కా మీరు చెప్పిన బండి అదేనో కాదో.

అడ్వాన్స్ ఇవ్వలేదు. ఆ ప్రాజెక్టుకి రెరా నంబర్ అడిగితే ప్రాసెస్‌లో ఉంది సార్ అన్నారు, నాకు చాలు. ఊరికి దగ్గరగా కట్టేసిన పాత అపార్ట్‌మెంట్‌లో ఒక రీసేల్ ఉందని తమ్ముడు చెప్పాడు, అక్కడినుంచి వేపచెట్టు దాకా రోడ్డు దాటకుండా నడవొచ్చు. పేపర్లు లాయర్‌కి ఇచ్చాను. నీళ్లు ఎలా ఉంటాయో తమ్ముడూ?

కొల్లూరు_పిల్లగాడు

ఆ బిల్డింగ్ బోరు మంచిదే అంటరు గని నేను చెప్పుడు గాదు అన్నా, మే నెల రెండో వారంల పొద్దున్న అయిదింటికి వచ్చి గేటు దగ్గర నిలబడు, ఎన్ని ట్యాంకర్లు వస్తయో నువ్వే లెక్కవెట్టుకో. అందాక కిరాయికి మా ఊర్లనే ఒక పోర్షన్ ఖాళీ ఉన్నది, కావాలంటే చెప్పు. మీ నాయనను మల్ల ఎప్పుడు తీస్కొస్తవని మా తాత పొద్దుగాల్నే అడిగిండు.