వృత్తిలో ద్రోహం చేసినవారికి జైలు శిక్ష ఉండాలా?

గట్టు మీద రైతు, భీమవరం:
మా బావగారు పొలం సరిహద్దు మీద దావా వేశారు. వకీలు ఫీజంతా ముందే పుచ్చుకుని వాయిదాలకు వెళ్లలేదు. కోర్టు దావా కొట్టేసింది. ఆ సంగతి దాచి, “వాయిదా పడింది, వచ్చే నెల రండి” అంటూ తిప్పుకున్నాడు. చెరువులో రొయ్యలు ఎత్తుకుపోతే కేసు పెడతారు కదా, దీనికెందుకు పెట్టరు?

విశ్రాంత గుమాస్తా, అమలాపురం:
రైతు గారూ, వాయిదాకు వెళ్లకపోవడం వృత్తి దోషం. 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద, వకీళ్ల నమోదు, క్రమశిక్షణ చూసే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. వాళ్లు మందలించవచ్చు, సస్పెండ్ చేయవచ్చు, జాబితా నుంచి పేరే తీసేయవచ్చు. జైలు మాత్రం ఉండదు. కొట్టేసిన దావా నడుస్తోందని చెప్పి డబ్బు లాగితే అది మోసం. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ముందు దావా పునరుద్ధరణకు అర్జీ వేయించండి. గడువు, దావా కొట్టేసిన రోజు నుంచి 30 రోజులే. దాటిపోతే ఆలస్యానికి కారణం చూపుతూ మరో అర్జీ జతచేయాలి.

గట్టు మీద రైతు:
బార్ కౌన్సిల్‌లో ఉండేదీ వకీళ్లే కదండీ! పోనీ, వినియోగదారుల కోర్టు?

విశ్రాంత గుమాస్తా:
ఆ దారి మూసుకుపోయింది. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందకు రావని సుప్రీంకోర్టు 2024 మేలో తేల్చింది. డాక్టర్లు మాత్రం 1995 తీర్పు నుంచి దాని పరిధిలోనే ఉన్నారు. ఈ తేడా నాకూ మింగుడు పడదు.

రాత్రి డ్యూటీ నర్సు, రాజోలు:
ప్రతి తప్పుకూ జైలంటే కష్టమైన కాన్పును ఎవరు ముట్టుకుంటారు? అర్ధరాత్రి కాకినాడకు రాసి పంపేస్తారు, దారిలో ఏమైనా అయితే అడిగేవారుండరు. అందుకే 2005లో సుప్రీంకోర్టు డాక్టర్ల మీద క్రిమినల్ కేసుకు ఘోర నిర్లక్ష్యం ఉండాలంది. రికార్డులు దిద్దేవాళ్లను మాత్రం వదలకూడదు. అది పొరపాటు కాదు.

ఉప్పునీటి బాధితుడు, మొగల్తూరు:
నమోదు లేని తీరప్రాంత రొయ్యల చెరువులకు 2005 చట్టంలో మూడేళ్ల వరకు జైలు రాశారు. 2023లో తీసేసి జరిమానాలు పెట్టారు. జైలు ఉన్నన్నాళ్లూ మా కాలువలోకి ఉప్పునీరు ఆగిందా? కాగితం మీది శిక్షకు ఎవరూ భయపడరు.

గట్టు మీద రైతు:
భయపడేలా అమలు చేయమనే నా వాదన. గుమాస్తా గారూ, బావగారి దగ్గర రెండు రసీదులున్నాయి. రెండోది దావా కొట్టేసిన నాలుగు నెలల తర్వాతది, “వాదనల ఖర్చు” అని రాసి ఉంది.

విశ్రాంత గుమాస్తా:
అయితే బార్ కౌన్సిల్‌తో ఆగకండి, పోలీసు స్టేషనుకూ వెళ్లండి. నకలు ఇవ్వండి, అసలు రసీదు చేయి దాటనివ్వకండి.