ఇంత చలి పెడుతుంటే భూమి వేడెక్కడం ఏంటండి? నీటి ఆవిరి సంగతేంటి?

లంక రైతు:
మాది పి.గన్నవరం పక్కన లంకండి. దాళ్వాకి (రబీ వరికి) నారుమడి పోశాం, చలికి నారు ఎదగట్లేదు, ఆకులు పసుపు తిరిగాయి, రోజూ సాయంత్రం మడికి నీళ్ళు పెట్టి తెల్లారి తీసేసి మళ్ళీ కొత్తవి పెడుతున్నాం. భూమి వేడెక్కుతోందంటారు కదా, మరి ఆ వేడి మా ఊరు రాదా? పైగా మా బావ, గ్రీన్‌హౌస్ వాయువుల్లో, అంటే భూమి వేడిని పట్టి ఉంచే వాయువుల్లో, పెద్దది నీటి ఆవిరేనంట, కార్బన్ డయాక్సైడ్‌ని ఊరికే తిడుతున్నారంట అంటాడు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

కాలవగట్టు:
ఆయ్, మీ బావగారు సగం కరెక్టేనండి. ఆవిరి వేడిని బాగా పట్టి ఉంచుద్ది. మబ్బు పట్టిన రాత్రి దుప్పటి అక్కర్లేదు, ఆకాశం తేటగా ఉండి చుక్కలన్నీ కనపడితే తెల్లారి వణుకే. మబ్బంటే సన్న నీటిబొట్లు, ఆవిరి కాదు, కానీ రెండూ నేల వేడిని పైకి పోనివ్వవు. అయితే గాల్లోకెళ్ళిన ఆవిరి తొమ్మిది పది రోజుల్లో వానో మంచో అయ్యి కిందకొచ్చేస్తది, కార్బన్ డయాక్సైడ్ అలా దిగదు, అందులో కొంత భాగం వందల ఏళ్ళు ఉండిపోద్ది. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలెట్టినప్పుడు గాల్లో పది లక్షల వంతుల్లో అది 315 వంతులు ఉండేది, ఇప్పుడు 420 దాటేసింది. దానివల్ల గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుద్ది, ఆ ఆవిరి ఇంకాస్త వేడి పెంచుద్ది. ముందు నడిచేది కార్బన్, ఆవిరి దాని వెనకాలొచ్చేది.

బడి మాస్టారు:
పై ఆయన చెప్పింది బాగుంది. నేను 2009 నుంచి మా బడి వరండాలో థర్మామీటర్ చూసి డిసెంబరు, జనవరి తెల్లవారుజాము లెక్కలు నోటుబుక్కులో రాస్తున్నా, ఒక ఏడు పైకి, ఒక ఏడు కిందకి, అది చూసి ఏమీ తేల్చలేనండి. ఒక్క ఊరి ఒక్క చలికాలం సరిపోదు, కనీసం 30 ఏళ్ళ సగటు కావాలి. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో టెక్సాస్ గడ్డకట్టి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, అయినా ప్రపంచం మొత్తం మీద సగటు చూస్తే 2024 రికార్డుల్లోకెల్లా వేడి ఏడాది. ఇంకో మాట కూడా, తుఫాను వచ్చిన ప్రతిసారీ ఇదంతా వాతావరణ మార్పే అని ఖాయం చేసేసేవాళ్ళది కూడా ఇదే తప్పు, అది నాకు ఇంకా బాధ, ఎందుకంటే అలాంటి మాటలు విని విసిగే మీ బావగారిలాంటోళ్ళు అసలు విషయమే నమ్మడం మానేస్తారు.

లంక రైతు:
అర్థమైందండి. భోగి మంట దగ్గర బావకి ఈ పది రోజుల సంగతే చెప్తా. మరి నారు?

కాలవగట్టు:
మీరు చేసేది కరెక్టే, నీళ్ళు పగలు పట్టిన వేడి రాత్రి మెల్లగా వదుల్తాయి. ఆకు మీద తుప్పు మచ్చలు కూడా ఉంటే జింక్ లోపం కావచ్చు, లీటరుకి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేసి చూడండి.