ఇరవై ఏళ్లకు జానెడే: పగడం ఎదుగుదల ఆగిపోయిందా?

జంగ్లీఘాట్ అమ్మాయి:
మా వాళ్లది శ్రీకాకుళం. తాతగారి కాలంలో చేపల వేటకని పోర్ట్‌బ్లెయిర్ వచ్చేశారు. నాకు పదేళ్లప్పుడు నాన్న పడవ మీంచి ఒక బండలాంటి పగడం చూపించారు. 2010 వేసవిలో పగడాలు తెల్లబడిపోయినప్పుడు చుట్టూ ఉన్న కొమ్ముల పగడాలు చచ్చిపోయాయి, అది మాత్రం బతికింది. ఆ కొమ్ములు మళ్లీ మొలిచి ఇప్పుడు మోచేతి పొడవున్నాయి. బండ మాత్రం ఈ ఇరవై ఏళ్లలో జానెడు పెరిగిందేమో. వేడికి దాని ఎదుగుదల ఆగిపోయిందా? చాలా బెంగగా ఉంది.

సముద్ర జీవశాస్త్రం విద్యార్థి:
బెంగ వద్దండీ. అది పోరైటిస్ రకమైతే జానెడు సరైన లెక్కే. ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కొమ్ముల అక్రోపోరా పది సెంటీమీటర్లు కూడా దాటుతుంది. ఆ బండను పలుచగా కోసి ఎక్స్‌రే తీస్తే చెట్టు వలయాల్లాంటి చారలు కనిపిస్తాయి: ఏడాదికి చిక్కనిదొకటి, పలుచనిదొకటి. నీళ్లు మరీ వేడెక్కితే పగడం తన ఒంట్లోని సూక్ష్మమైన నాచును వదిలేస్తుంది. దానికి తిండి పెట్టేది చాలావరకు ఆ నాచే కాబట్టి సున్నపు అస్థిపంజరం కట్టడం బాగా మందగిస్తుంది. బతికి బయటపడ్డ బండలో ఆ ఏడాది చాలాసార్లు ఒక చిక్కటి గీతగా మిగిలిపోతుంది.

పడవ నడిపే అన్న:
చెల్లెమ్మా, బురద సంగతి కూడా చూడు. కొండ తవ్వి రోడ్డు వేసిన చోట వానలకు ఎర్రనీళ్లు దిగుతాయి. అక్కడి పగడాలు గుండ్రంగా లేవవు, పళ్లెంలా పరుచుకుంటాయి. నా కళ్లతో చూశాను.

సముద్ర జీవశాస్త్రం విద్యార్థి:
అన్న చెప్పింది నిజం. నీళ్లు మసకబారితే నాచుకు ఎండ అందదు, అందుకే ఆ వెడల్పు. నన్ను ఇంకా కలవరపెట్టేది గాలిలోంచి సముద్రంలో కరిగే కార్బన్ డయాక్సైడ్. దానివల్ల నీళ్లలో ఆమ్లగుణం పెరిగి, దాన్ని చూపే పీహెచ్ అనే కొలత తగ్గుతుంది. పరిశ్రమలు రాకముందు 8.2 దగ్గరున్న సముద్రపు పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గరుంది. అంకె చిన్నదే కానీ అస్థిపంజరానికి కావలసిన కార్బొనేట్ తగ్గిపోతోంది. పోరైటిస్ అప్పుడు కూడా పొడవు పెరుగుతూనే ఉంటుంది, లోపల సాంద్రత తగ్గుతుంది. జానతో కొలిస్తే అది తెలియదు.

జంగ్లీఘాట్ అమ్మాయి:
మరి చిన్న ముక్క తీసి చూపించవచ్చా?

సముద్ర జీవశాస్త్రం విద్యార్థి:
దయచేసి వద్దు. 1972 వన్యప్రాణి చట్టం పగడాలకు కూడా రక్షణ ఇస్తుంది. ఏటా ఒకే చోటు నుంచి, పక్కన స్కేలు పెట్టి, దానికి తగలకుండా ఫొటో తీయండి.

జంగ్లీఘాట్ అమ్మాయి:
ఆదివారం నాన్నతో వెళ్తున్నాను. మొదటి ఫొటో ఇక్కడే పెడతాను.